పార్కింగ్ మీద ద్రాక్ష పందిరి

దిల్‌సుఖ్‌నగర్‌కు జనం కోచింగుల కోసం వెళతారు, పెళ్లి బట్టల కోసం వెళతారు, హాస్టల్లో ఉన్న పిల్లలకు ఆవకాయ ఇచ్చి రావడానికి వెళతారు. మార్చి నెలలో సెలవు పెట్టి ద్రాక్షపళ్లు చూడటానికి వెళ్లింది మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను. భీమవరం పోస్టాఫీసులో మా పోస్టుమాస్టరు గారు సెలవు కాగితం మీద కారణం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

ఆయన తప్పు లేదు. మా డాబా మీద ఆరేళ్లుగా ఒక ద్రాక్షతీగ ఉంది. గుత్తులు గుత్తులుగా కాస్తుంది గాని పండదు. మా ఆయన ఆ కాయల్ని చింతపండుకు బదులు పప్పులో వేయించుకుని, బాగుందంటారు. ద్రాక్షతీగ పెంచి పప్పు బాగుందనిపించుకోవడం ఎంత అవమానమో పెంచినవాళ్లకే తెలుస్తుంది. ఈ సంగతి ఫోనులో చెప్పుకుని వాపోతే, నాతో డిగ్రీ చదివిన సుగుణ, "మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ మీద తీగ ఉందే కామేశ్వరీ. పండుతుంది, వైన్ కూడా చేస్తారు. వచ్చి చూసి నేర్చుకో" అంది. నేను వెళ్లింది అందుకు. అది రమ్మన్నది ఇంకెందుకో అక్కడికి వెళ్లాక తెలిసింది.

ఎల్బీ నగర్: ఏ అంగూర్?

శుక్రవారం తెల్లవారాక బస్సు నన్ను ఎల్బీ నగర్ చౌరస్తాలో దింపింది. ఆటో అతనికి "అంగూర్ రెసిడెన్సీ" అని చెప్పాను.

"ఏ అంగూర్ మేడమ్?" అన్నాడు. "అంగూర్ రెసిడెన్సీ ఉన్నది, అంగూర్ ఎన్‌క్లేవ్ ఉన్నది, అంగూర్ హైట్స్ ఉన్నది. మా నాయిన చెప్తుండె, గీ లైనంత అంగూర్ తోటలేనంట. తోటలు పోయినయి, పేర్లు మిగిలినయి. ఒక్కదాంట్ల గూడ అంగూర్ లేదు."

"నేను వెళ్లేదాంట్లో ఉందట. తీగ."

అతను ఆటో ఆపినంత పని చేసి వెనక్కి తిరిగాడు. "గదా! లొల్లి బిల్డింగ్! ముందే చెప్తే అయిపోవు గదా."

మా ఊళ్లో నలభై ఇచ్చే దూరానికి నూట యాభై తీసుకున్నాడు. లొల్లి ఏమిటో చెప్పమంటే, "మీరే సూస్తరు" అని నవ్వాడు.

సందు మొదట్లో బండి దగ్గర టిఫిన్ తిన్నాను. మా వైపు ఉప్మా పెసరట్టులోకే వెళుతుంది. ఇక్కడ మినప దోసెలోకి వెళుతుంది, దాని మీద ఎర్ర కారం, దాని మీద వెన్న. ఒకే పళ్లెంలో రెండు టిఫిన్లు పెట్టి ఒకదాని డబ్బే తీసుకోవడం నాకు నచ్చింది. అరవై రూపాయలు. పక్కనే తోపుడు బండి మీద ద్రాక్షపళ్లు కిలో వంద. ఏ ఊరివని అడిగితే, "మహారాష్ట్రవి" అన్నాడు బండి అతను, ఆ ప్రశ్న అడిగినందుకే నన్ను వింతగా చూస్తూ.

నంబర్లు కట్టిన గుత్తులు

అంగూర్ రెసిడెన్సీలో పన్నెండు ఫ్లాట్లు. వెనకవైపు ఖాళీ జాగాలో ఇనుప పైపుల పందిరి, మనిషెత్తున. దాని నిండా తీగ. మొదలు నా నడుమంత లావుంది. అంటే ఎంతో చెప్పను. తోట ఉన్న రోజుల నాటి మొక్కట, అనాబ్-ఎ-షాహి రకం. కాయ కోలగా, లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది.

పందిరి కిందికి వెళ్లి తలెత్తాను. అక్కడక్కడా ఒక్కో గుత్తికి అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ఫ్లాట్ నంబరు. ఆసుపత్రిలో పసిపిల్లల చేతికి కట్టినట్టు.

మూడు వందల ఒకటి వాళ్ల గుత్తికి దోమతెర చుట్టారు. నూట రెండు వాళ్ల గుత్తి పక్కన చిన్న స్పీకరు వేలాడుతూ భక్తిగీతాలు పాడుతోంది. రెండు వందల మూడు ఫ్లాటు ఆవిడ, జుట్టు ఆరబెట్టుకునే యంత్రానికి పొడవాటి వైరు తగిలించి, తన గుత్తికి వేడిగాలి పెడుతోంది. "మాకు ఎండ చాలదండీ, మా గుత్తి ఉత్తరం వైపు పడింది" అని నాతో సంజాయిషీగా చెప్పింది. నాలుగు వందల రెండు వాళ్లు తియ్యదనం కోసం మొదట్లో బెల్లం నీళ్లు పోశారట. తియ్యదనం సంగతి తెలీదు గాని సరూర్‌నగర్ చీమలన్నీ అక్కడే ఉన్నాయి.

వీటన్నిటి మధ్యా ఒకాయన పెద్ద నీళ్ల పైపు పట్టుకుని మొదట్లోకి ధారగా నీళ్లు పెడుతున్నాడు. తెల్ల చొక్కా, మెళ్లో తువ్వాలు. "రండి మేడమ్, నేను భిక్షపతి. ట్రాన్స్‌పోర్ట్ నడుపుత. దానికి దూప కాకుండ నేనే సూస్కుంట" అన్నాడు. తీగ దాహం గురించి ఆలోచించేవాడు ఎంత మంచి మనిషి అనుకున్నాను.

సుగుణ నన్ను పక్కకు లాగింది. ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి అదే కార్యదర్శి. అసలు విషయం అప్పుడు చెప్పింది.

నిరుడు ఆ తీగ పళ్లతో చేసిన వైన్ తాగి నాలుగు ఫ్లాట్ల వాళ్లకు కడుపులు చెడ్డాయి. పురుగులు, పిట్టల రెట్టలు, రాలిన ఆకులు సరేసరి. పందిరి తీసేస్తే రెండు వ్యాన్లు పెట్టుకోవచ్చని భిక్షపతి పక్షం. ఉంచాలని రెండో అంతస్తు ప్రభాకరం గారి పక్షం. మూడు మీటింగులు జరిగాయి, రెండు కుర్చీలు విరిగాయి. చివరికి ఒక తీర్మానం రాసుకున్నారు. ఫ్లాటుకొకటి చొప్పున గుర్తుపెట్టిన గుత్తుల్లో ఆదివారం మూడింటిని చీటీలు తీసి కోసి, తీపి కొలిచే గొట్టంతో చూడాలి. తీపి సగటున నూటికి పద్దెనిమిది పాళ్లు వస్తే తీగ ఉంటుంది, తగ్గితే పోతుంది.

"కొలిచేది ఎవరు?" అన్నాను.

"నువ్వే."

"నేనా!"

"ఇక్కడ ఉండేవాళ్లెవరు సంతకం పెట్టినా రేపు లిఫ్టులో మొహాలు చూసుకోవాలి. నువ్వు ఆదివారం సాయంత్రం బస్సెక్కేస్తావు. పైగా ఆరేళ్లు ఆ పుల్లటివి తిన్న నాలుక నీది. దానికి మొహమాటం ఉండదని అందరికీ చెప్పాను. ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు."

పందిరి చివర స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్ నర్సయ్య. నల్గొండ దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో ఇదే తోటలో పనికి వచ్చి, తీగలు కత్తిరిస్తూ పెద్దవాడై, తోట పోయి బిల్డింగ్ లేచాక ఇదే నేల మీద కాపలాకు మిగిలిపోయాడు. తీగ పోతే తనూ ఊరికి పోతానన్నాడట. ఆ మాటకు రెండు పక్షాలూ భయపడ్డాయి. ఏ వాల్వు తిప్పితే ఏ ఫ్లాటుకు నీళ్లొస్తాయో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

"మీరేమీ చేయడం లేదా తాతా?" అని అడిగాను.

"గింతమంది డాక్టర్లున్నంక పేషెంటు ఎట్ల బతుకుతదో సూస్తున్నమ్మా" అన్నాడు.

రెండు సీసాలు

సాయంత్రం ప్రభాకరం గారు టీకి పిలిచారు. గుంటూరు మనిషి, ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు రక్తాలు పరీక్షించి రిటైరయ్యారు. టీ కప్పుల పక్కనే రెండు సీసాలు పెట్టారు. రెండింటి మీదా "ద్రాక్షాసవం" అని చీటీ అంటించి ఉంది. వైన్ అని రాస్తే అడిగేవాళ్లుంటారు, ఆయుర్వేదం అంటే ఎవరూ అడగరు.

"ముందు నిరుటిది" అని చెంచాడు పోశారు. చింతపండు పులుసులో గోళ్ల రంగు కలిపితే ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు, అప్పటి నుంచి తెలుసు. నాలుక సంగతి అటుంచి చెవులు కదిలాయి.

"ఇప్పుడు అంతకు ముందు ఏడాదిది."

అదీ చెంచాడే. పండిన జామపండు వాసన, వెనకాల కొంచెం తేనె, మింగాక కూడా నోట్లో ఉండే చల్లదనం. వైన్ గురించి నాకేమీ తెలియదు. ఇంకో చెంచా అడగాలని మాత్రం తెలిసింది.

"ఒకే తీగ, ఒకే చేతులు, ఒకే పద్ధతి" అన్నారు ప్రభాకరం గారు. "ఏడాది ఆలోచించాను. తేడా ఒక్కటే కనిపించింది. మంచిదాన్ని తెల్ల డ్రమ్ములో వేశాను. చెడ్డదాన్ని నీలం డ్రమ్ములో. ఆ నీలం డ్రమ్ము దరిద్రపుదండీ. డాబా మీద పారేశాను."

"ఆ రెండేళ్లలో ఇంకేమీ మారలేదా?"

"ఏముంది, ముందేడాది బోరు ఎండిపోయింది. ట్యాంకర్లతో అవస్థ పడ్డాం. పళ్లు కూడా చిన్న చిన్నవే వచ్చాయి. నిరుడు కొత్త బోరు వేశాం, పుష్కలంగా నీళ్లు. పళ్లు చూడాలి మీరు, నిమ్మకాయలంత!" అన్నారు గర్వంగా.

నేనూ తల ఊపాను. డ్రమ్మే అయి ఉంటుందని నాకూ అనిపించింది. మాకిద్దరికీ అంతే తెలివి ఆ రోజుకి.

నాదర్‌గుల్ వైపు

తీపి కొలిచే గొట్టం నాదర్‌గుల్ అవతల ఇంకా ద్రాక్ష పండిస్తున్న యాదమ్మ అనే రైతు దగ్గర ఉందన్నారు. ఎవరు తేవాలన్నది ఇంకో గొడవ. భిక్షపతి తెస్తే పాడుచేసి తెస్తాడని వాళ్లు, ప్రభాకరం గారు తెస్తే మార్చి తెస్తారని వీళ్లు. కాబట్టి జడ్జినైన నేను తేవాలి. ఉన్న బండి మాత్రం భిక్షపతిదే. శనివారం పొద్దున్నే కక్షిదారుడి వ్యానులో ముందు సీటు మీద కూర్చుని న్యాయమూర్తి బయలుదేరింది.

బాలాపూర్ దాటాక ఊరు పలచబడింది. గాలిలో చిన్న చిన్న విమానాలు, నేర్చుకునే పిల్లలు నడిపేవి, గాలిపటాల్లా చుట్లు కొడుతున్నాయి. యాదమ్మ తోట వాటి కిందే. అరవై దాటిన మనిషి, నడుముకు కొంగు బిగించి, కత్తెరతో నా ముందే పచ్చి గుత్తులు తెంపి కింద పడేస్తోంది. నా ప్రాణం విలవిల్లాడింది.

"అయ్యో, బాగున్నవే కదమ్మా!"

"అన్ని బాగనే ఉంటయి. పదిమంది పిల్లలకు ఒక్క తల్లి పాలు సరిపోతయా? సగం తీసేస్తేనే మిగిలిన సగం పండుతది. మీరేం చేస్తరు?"

"ఒక్కటీ తెంపను. దాచుకుంటాను."

"గందుకే పండవు" అంది తేలిగ్గా. ఆరేళ్ల నా బాధకు అర నిమిషంలో తీర్పు వచ్చేసింది.

సుగుణ వాళ్ల అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాను. దోమతెర దగ్గర నవ్వింది. వేడిగాలి యంత్రం దగ్గర కత్తెర కింద పెట్టి నవ్వింది. "సూడు బిడ్డా, తీపి గుత్తిల తయారు కాదు, ఆకుల తయారైతది. గుత్తి కూసోని తింటది, ఆకు వంట చేస్తది. పొద్దుగాల ఎండ గుత్తికి జర తగిలేటట్టు ఒకటి రెండు ఆకులు తీస్త. గంతే. పండు మెత్తబడ్డంక నీళ్లు తగ్గిస్త. అప్పుడు నీళ్లు పెడితే పండు నీళ్లే తాగి ఉబ్బుతది. సైజు వస్తది, రుచి పోతది. గసోంటి పండుతోని ఏం చేసినా పుల్లగనే ఉంటది."

నా బుర్రలో రెండు సీసాలు పక్కపక్కన నిలబడ్డాయి. ఎండిపోయిన బోరు, చిన్న పళ్లు. కొత్త బోరు, నిమ్మకాయలంత పళ్లు. పాపం నీలం డ్రమ్ము!

వెనక్కి తిరిగి చూస్తే భిక్షపతి దీక్షగా విమానాలు చూస్తున్నాడు.

"ఇంతకీ ఎంత రావాలన్నరు?" అని అడిగింది యాదమ్మ.

"పద్దెనిమిది."

"అనాబ్‌కా! ఎవరు పెట్టిన్రు? నా తోటల గూడ పదహారు దాటితె పండగ చేసుకుంట."

ఆ అంకె పెట్టింది ప్రభాకరం గారు. వైన్‌కు కనీసం అంత ఉండాలని ఎక్కడో చదివారట.

గొట్టం ఎలా చూడాలో నేర్పింది. చివర ఏటవాలు గాజు మీద రసం చుక్క వేసి, మూత వేసి, వెలుతురు వైపు పెట్టి కన్ను ఆనిస్తే లోపల గీతలు, అంకెలు. నేను మొదటిసారి చూసి, "ఏమీ లేదు, చీకటి" అన్నాను. బొటనవేలు గాజు మీద పెట్టానని భిక్షపతి చెప్పాడు. రెండు కిలోల పళ్లు కొనబోతే డబ్బు తీసుకోలేదు. గొట్టం విరగ్గొట్టకుండా తిరిగి పంపితే చాలంది.

తిరిగి వస్తూ దారిలో అడిగేశాను. "భిక్షపతిగారూ, పండే ముందు నీళ్లు పెట్టకూడదని మీకు తెలుసు కదూ?"

చాలాసేపు హారన్ కొట్టాడు, ముందు ఎవరూ లేకపోయినా. "మాది బత్తాయి తోట మేడమ్, ఊర్ల. తెల్వకుంట ఎట్లుంటది? అయినా దూప తీర్చుడు పాపమా?"

"కావాలని చేశారన్నమాట."

"నాకు రెండు వ్యాన్లు. ఒకటి మెయిన్ రోడ్డు మీద పెడుత. మూడుసార్లు అద్దం పలగ్గొట్టిన్రు. పరేషాన్ అయిపోయిన. గొడ్డలి తీస్కపోతే అందరు నన్ను రాక్షసుడంటరు. నీళ్ల పైపు తీస్కపోతే పుణ్యాత్ముడంటుండ్రు" అన్నాడు. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. నాకు నవ్వు వచ్చింది, ఆయనకూ వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన నీళ్ల పైపు చుట్టచుట్టి వ్యానులో పడేశాడు. ఒక్క రోజులో ఏమీ మారదని ఇద్దరికీ తెలుసు.

కానీ ఆ ఒక్క పూటలో మారవలసింది మారనే మారింది. మేము వెళ్లేసరికి ప్రభాకరం గారు భోజనాల బల్ల పందిరి కిందికి తెచ్చి, దాని మీద నిలబడి, చొక్కా ముందంతా ఆకుపసరుతో ఉన్నారు. నేల మీద మోకాలెత్తు ఆకులు. పందిరి తిరుపతి వెళ్లొచ్చిన తలలా ఉంది.

"ఎండ బాగా తగలాలని!" అన్నారు సంతోషంగా. "రేపటికి పద్దెనిమిదేం ఖర్మ, ఇరవై వస్తుంది."

"ఎన్ని తీశారండీ?"

"లెక్కపెట్టలేదు. శ్రద్ధగా తీశాను."

యాదమ్మ మాట చెప్పాను, వంట చేసేది ఆకులని. ఆయన బల్ల మీదే మెల్లగా కూర్చుండిపోయారు. తీగకు శత్రువు నీళ్లు పోసి, మిత్రుడు ఆకులు దూసి, ఇద్దరూ కలిసి ఒకే పని పూర్తిచేశారు.

నర్సయ్య వచ్చి నా చెయ్యి పట్టుకోకుండానే పట్టుకున్నట్టు, "జర ఇటు రామ్మా" అని పంపు గది వెనక్కి తీసుకెళ్లాడు. మోటారు చప్పుడుకు అటెవరూ రారు. గోడ వారగా ఒక్క కొమ్మ పాకి ఉంది. దానికి ఆకులన్నీ ఉన్నాయి. నాలుగే గుత్తులు. కొమ్మ మొదట్లో చుట్టూ ఉంగరంలా బెరడు ఒలిచిన గుర్తు, మళ్లీ పూడుకుంటోంది.

"కాయ చిన్నగున్నప్పుడు గాటు పెట్టిన. ఆకులు చేసిన తీపి కిందికి పోకుంట గీ గుత్తులకే ఉంటది. మా తోటల గిట్లనే చేస్తుంటిమి."

"వాళ్లకెందుకు చెప్పలేదు?"

"ఎవరు అడిగిన్రు?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో.

సున్నా గొడవ

ఆదివారం పది గంటలకు పందిరి కింద కుర్చీలు వేశారు. పన్నెండు ఫ్లాట్ల వాళ్లూ వచ్చారు, పిల్లలతో, పళ్లేలతో. స్టీలు డబ్బాలో పన్నెండు చీటీలు ఉన్నాయి. పదమూడోది నేను వేశాను. "పంపు గది వెనక కూడా గుత్తులున్నాయి. అదీ ఈ తీగే. ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాను. అందరూ భిక్షపతి వైపు చూశారు. ఆయన కాసేపు చెప్పులు చూసుకుని, "తీగ తీగనే గదా, వెయ్యున్రి" అన్నాడు.

గొట్టం తీయగానే ప్రభాకరం గారు లేచారు. "ముందు సున్నా చూడాలి. ఏ పరికరమైనా ముందు నీళ్లతో సున్నా సరిచేయకుండా రీడింగ్ తీయకూడదు. ముప్పై ఏళ్లు నేను అదే చేశాను."

సరేనని బోరు నీళ్లు చుక్క వేసి చూశాను. రెండు చూపించింది.

"బోరు నీళ్లలో చక్కెర ఉందా!" అని ఎవరో అన్నారు. అంతే. మూడు వందల ఒకటి ఆవిడ, "మా అత్తగారికి ఈ ఇంట్లోకి వచ్చాకే షుగరొచ్చింది" అంది. నాలుగు వందల రెండు వాళ్లాయన, బోరు వేయించినప్పుడే అనుకున్నానన్నాడు. నీళ్ల క్యాను తెప్పించి చూశాను. అదీ రెండే. "క్యాన్ల గూడ కలుపుతుండ్రా!" అన్నారు వెనక నుంచి. చివరికి మంచుముక్క కరిగించి చూసినా రెండే వచ్చింది. తేడా నీళ్లలో కాదు, గొట్టంలోనే ఉందని ప్రభాకరం గారు తేల్చి, చిన్న మర తిప్పి సున్నాకు తెచ్చారు. అలా చేస్తే తన పక్షానికి ప్రతి గుత్తిలోనూ రెండేసి తగ్గుతాయని ఆయనకు తెలుసు. కానీ తిప్పారు.

మొదటి చీటీ నూట రెండు, భక్తిగీతాల గుత్తి. పదమూడు. రెండోది మూడు వందల ఒకటి, దోమతెర. పదకొండు. మూడో చీటీ ఒక పాప తీసింది. పంపు గది.

నర్సయ్య గుత్తి కోసి తెచ్చాడు. కాయ చిన్నది, వెలుతురుకు పట్టుకుంటే లోపల గింజ కనిపించేంత పలచని తేనె రంగు. గింజ కూడా పచ్చగా లేదు, గోధుమరంగుకు తిరిగింది. రసం పిండి, కన్ను ఆనించాను. ఒకసారి కాదు, మూడుసార్లు చూశాను.

"పదిహేడు" అన్నాను.

పళ్లేలు ముందుకు వచ్చాయి. ఆ గుత్తి నిమిషంలో ఖాళీ అయింది. నాకు ఒక్క పండు దక్కింది. ముందేడాది సీసా రుచి అందులో ఉంది. భిక్షపతి నాలుగు తిన్నాడు. అయిదోది చేతిలో పట్టుకుని, తినకుండా చూస్తూ కూర్చున్నాడు.

కానీ పదమూడు, పదకొండు, పదిహేడు కలిపి మూడుతో భాగిస్తే ఎవరు భాగించినా పద్దెనిమిది రాదు. నాలుగు వందల రెండు వాళ్లాయన ఫోనులో రెండుసార్లు భాగించి చూశాడు కూడా.

కాగితంలో ఉన్న మాట

సుగుణ లేచి తీర్మానం చదివింది. అది బళ్లో తెలుగు చెబుతుంది, రాసింది కూడా అదే. "నిర్ణీత మాధుర్యము లేని పక్షమున, పందిరిని తొలగించి, సదరు ద్రాక్షతీగను సంపూర్ణముగా కోసివేయవలెను."

"అమ్మా, గా చివరిది మళ్లొక్కపారి చదువు" అన్నాడు నర్సయ్య.

చదివింది.

"కోసెయ్యాలన్నరు. అంతేనా? ఇంకేమన్న రాసిన్రా?"

"అంతే నర్సయ్యా" అంది కళ్లు తుడుచుకుంటూ.

"మంచిది. ఎవ్వల్ని పిలవకున్రి. నేనే కోస్త."

ముందు పళ్లన్నీ దింపారు. ప్రభాకరం గారు రెండు గంగాళాల్లో నింపుకున్నారు. పంపు గది వెనక మిగిలిన మూడు గుత్తులూ విడిగా చిన్న గాజు జాడీలో వేసుకున్నారు. వైన్ చేస్తే ఒక్క సీసా రావచ్చు. బోరు సంగతి అప్పుడు ఆయనకు చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "అయితే డ్రమ్ము తప్పేమీ లేదంటారా?" అన్నారు. లేదన్నాను. డాబా మీదికి వెళ్లి నీలం డ్రమ్ము మోసుకొచ్చి, కడిగి, ఎండలో బోర్లించారు.

నర్సయ్య నిచ్చెన వేసుకుని కత్తెర తీశాడు. నిచ్చెన పట్టుకున్నది భిక్షపతే. ఇంకెవరికీ చూసే ధైర్యం లేక లోపలికి వెళ్లిపోయారు. సంతకం పెట్టాలి కాబట్టి నేను ఉన్నాను.

అందుకే చూశాను. ఆయన ఎలా పడితే అలా కోయడం లేదు. ఒక్కో రెమ్మ దగ్గరా బొటనవేలితో తడిమి, రెండు కణుపులు వదిలి, అక్కడ కోస్తున్నాడు. పెద్ద కొమ్మల జోలికి పోవడం లేదు. మొదలు దగ్గరికి అసలే పోలేదు. రెండు గంటల్లో పందిరి మీద ఒక్క పచ్చ ఆకు లేదు. బోసి కొమ్మలు పైపుల నుంచి విడదీసి గోడకు చేర్చి కట్టాడు. చూసేవాళ్లకు అది చచ్చిన తీగే.

ఆయన దిగాక నెమ్మదిగా అడిగాను. "తాతా, ఇది కోసెయ్యడమేనా?"

"పంట తీసినంక ఎండకాలం కోత గిదేనమ్మా. ఏటేట చేస్తున్న. గీ యేడు కాయితం రాసిచ్చి చేపించిన్రు" అన్నాడు, కత్తెర తుడుచుకుంటూ.

"మళ్ల ఒస్తదా?" అన్నాడు భిక్షపతి నిచ్చెన మడుస్తూ.

"గది దాని ఇష్టం."

భిక్షపతి ఆయన వంకా, నా వంకా చూశాడు. ఇంకేమీ అడగలేదు. సుగుణ రిజిస్టరు తెచ్చింది. "తీగ నా సమక్షమున కోయబడినది" అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదని బస్సెక్కేదాకా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక

పందిరి పైపులు పాతసామాన్ల అతను తీసుకుపోయాడని, రెండు వ్యాన్లూ లోపలికి వచ్చాయని సుగుణ చెప్పింది. నర్సయ్య ఊరికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఎవరూ అడగలేదు, వాల్వులు ఆయన చేతిలో ఉన్నాయి కనుక.

ఏప్రిల్ నెల చివర్లో ఒక ఉదయం భిక్షపతి ఫోన్ చేశాడు.

"మేడమ్, కోసిన్రని సంతకం పెట్టిన్రు గదా మీరు?"

"కోశారు కదండీ. మీరే నిచ్చెన పట్టుకున్నారు."

"అయితే గిది ఏంది? నా డ్రైవర్ పెండ్లికని ఊరికి పోయిండు. వారం సంది బండి కదల్లే. ఇయ్యాల కిరాయికి తీద్దామని పోతే, చిగురొచ్చి నా సైడ్ మిర్రర్‌కు చుట్టుకున్నది. ఒకటి గాదు, మూడు చుట్లు. స్ప్రింగు లెక్క. బండి తియ్యాలంటే తెంపాలె."

"తెంపండి, ఏం పర్లేదు. తీగకు అలాంటివి చాలా వస్తాయి."

అవతల మోటారు చప్పుడు, ఎవరో పిల్లల కేకలు వినిపించాయి.

"మీకేం మేడమ్, దూరం ఉండి తెంపుమంటరు" అన్నాడు చివరికి, కొంచెం నిష్ఠూరంగా. "ఎంత లేతగున్నదో మీకు తెల్వదు."

ఆ రోజు ఆయన ఆటోలో వెళ్లాడట.